టెక్ సందేహాలు: ప్రివ్యూ విండోస్ వేసే ముందు తిరుగుదారి చూసుకోండి

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. కొత్త ఫీచర్లు అందరికంటే ముందే చూడాలని ఇన్‌సైడర్ ప్రోగ్రామ్‌లో చేరాలనుకుంటున్నాను. నాకున్నది ఈ ఒక్క కంప్యూటరే, ఆఫీసు పని కూడా ఇందులోనే. చేరవచ్చా?

జవాబు: ఈ ల్యాప్‌టాప్‌తో చేరవద్దు. ఆసక్తిని మాత్రం వదులుకోవద్దు, దానికి వేరే మార్గం ఉంది.

ప్రివ్యూ బిల్డ్ అంటే ఇంకా తయారీలో ఉన్న విండోస్. నిన్నటిదాకా పనిచేసిన ప్రింటరు కొత్త బిల్డ్ రాగానే మొరాయించవచ్చు. ఆఫీసు వీపీఎన్ కనెక్ట్ కాకపోవచ్చు. ఇవన్నీ జరిగి తీరతాయని కాదు. ఏ ఒక్కటి జరిగినా ఆ రోజు మీ పని ఆగిపోతుంది.

దీన్ని ఎలా ఇన్‌స్టాల్ చేయాలని చాలామంది అడుగుతారు. నచ్చకపోతే ఎలా బయటపడాలో ముందు తెలుసుకోమంటాను నేను. ఈ ప్రోగ్రామ్‌లో ప్రివ్యూలు ఛానళ్లు అనే వేర్వేరు దశల్లో వస్తాయి. రిలీజ్ ప్రివ్యూ ఛానల్‌లో వచ్చేది దాదాపు విడుదలకు సిద్ధమైన రూపం. తదుపరి వెర్షన్ విడుదలైనప్పుడు ప్రోగ్రామ్ నుంచి తప్పుకునే ఆప్షన్‌ను ఆన్ చేసి ఉంచితే, ఏమీ చెరిపే పని లేకుండా మామూలు విండోస్‌కు వచ్చేస్తారు. ఇంకా తొలి దశ బిల్డ్‌లు వచ్చే డెవ్, కెనరీ ఛానళ్ల సంగతి వేరు. అక్కడి బిల్డ్ సంఖ్య అందరి దగ్గరున్న విండోస్‌ను దాటి ముందుకు వెళ్లిందంటే, వెనక్కి రావడానికి డిస్కు తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

సెట్టింగ్స్‌లోని రికవరీ పేజీలో 'గో బ్యాక్' బటన్ ఉంది కదా అనుకోవచ్చు. దాని గడువు మామూలుగా 10 రోజులే. ఈలోగా ఇంకో బిల్డ్ వచ్చి చేరితే, ఆ బటన్ మిమ్మల్ని దాని ముందరి ప్రివ్యూకే తీసుకెళుతుంది, మీ పాత విండోస్‌కు కాదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

మీకు సరిపోయే మార్గం వర్చువల్ మెషీన్. ఉన్న విండోస్‌ను కదపకుండా, దాని లోపలే ప్రివ్యూను విడిగా నడిపించుకోవచ్చు. విండోస్ ప్రో ఉంటే, దీన్ని నడిపే హైపర్-వి అందులోనే ఉంటుంది. హోమ్ ఎడిషన్‌లో అది లేదు కాబట్టి వర్చువల్‌బాక్స్ వాడండి. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను అది 7.0 వెర్షన్ నుంచి తానే సమకూరుస్తోంది. వర్చువల్ మెషీన్‌కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు స్థలం ఇవ్వాలి. ఒక్క పరిమితి ఉంది: బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, గ్రాఫిక్స్ ఎలా ఉంటుంది అన్నవి ఇందులో తేలవు. మెనూలు, సెట్టింగులు, కొత్త యాప్‌లు చూడటానికైతే పూర్తిగా సరిపోతుంది.

ప్రశ్న: వాడకుండా పక్కన పెట్టిన కంప్యూటర్ ఒకటి ఉంది. దాంట్లో ప్రివ్యూ వేసే ముందు ఏమేం చూసుకోవాలి?

జవాబు: ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే ఏర్పాటు) ఉన్నాయో లేదో ముందు చూడండి. అవి లేని మరీ పాత యంత్రం దీనికి పనికిరాదు. అందులోని ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి, మామూలు విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం (ఎన్‌క్రిప్షన్) ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. బూట్ వ్యవస్థలో మార్పు జరిగినప్పుడు కంప్యూటర్ ఆ కీ అడగవచ్చు. అప్పుడు అది దొరక్కపోతే మీ ఫైళ్లు మీకే అందవు.

ఇంకో రెండు సంగతులు. ఈ ప్రోగ్రామ్‌లో ఉండాలంటే ఐచ్ఛిక డయాగ్నస్టిక్ డేటాను మైక్రోసాఫ్ట్‌కు పంపడానికి ఒప్పుకోవాలి. అది ఇష్టం లేకపోతే చేరకపోవడమే సరైన నిర్ణయం. రెండోది, ప్రివ్యూ బిల్డ్‌లకు గడువు ఉంటుంది. స్టార్ట్ మెనూలో విన్‌వర్ (winver) అని టైప్ చేసి తెరిస్తే ఆ తేదీ కనిపిస్తుంది. గడువు దాటితే ముందు హెచ్చరికలు వస్తాయి, చివరికి కంప్యూటర్ బూట్ కావడమే ఆగిపోతుంది. పక్కన పెట్టిన యంత్రం కాబట్టి అప్పుడప్పుడు ఆన్ చేసి అప్‌డేట్ చేస్తూ ఉండండి.

ప్రశ్న: డెవ్ ఛానల్‌లో చేరాను. అందరూ చెబుతున్న కొత్త ఫీచర్ నాకు మాత్రం కనిపించడం లేదు.

జవాబు: మీ కంప్యూటర్‌లో లోపం లేదు. ఒకే బిల్డ్ వేసుకున్నా కొత్త ఫీచర్లను కొద్దిమందికి ముందు తెరిచి, ఇబ్బంది లేదనుకున్నాకే మిగతావారికి ఇస్తారు. విండోస్ అప్‌డేట్ పేజీలో తాజా అప్‌డేట్‌లు అందుబాటులోకి రాగానే పొందే స్విచ్‌ను ఆన్ చేస్తే త్వరగా వచ్చే అవకాశం పెరుగుతుంది.

ప్రశ్న: విండోస్‌లోని ఫీడ్‌బ్యాక్ హబ్ యాప్‌లో మైక్రోసాఫ్ట్‌కు ఫిర్యాదు రాస్తే ఎవరైనా చదువుతారా?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. ప్రివ్యూ వేసుకోవడంలో అసలు విలువ ఇక్కడే ఉంది.

2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 అప్‌డేట్, కొందరి డాక్యుమెంట్లను, ఫొటోలను తుడిచిపెట్టింది. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లను వేరే చోటికి మార్చుకున్నవారి పాత ఫోల్డర్లలో మిగిలిన ఫైళ్లు పోయాయి. కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని నిలిపివేసి, నవంబరు 13న మళ్లీ విడుదల చేసింది. బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఫైళ్లు పోతున్నాయని కొందరు ఇన్‌సైడర్లు విడుదలకు ముందే రాశారు. వాటికి మిగతా వాడకందార్ల ఓట్లు తక్కువ పడటంతో మిగతా ఫిర్యాదుల కింద అవి కనిపించకుండా పోయాయి. పైగా ఆ అప్‌డేట్ రిలీజ్ ప్రివ్యూ దశ దాటకుండానే జనంలోకి వచ్చింది. ఆ తర్వాతే సమస్య ఎంత తీవ్రమో చెప్పే వీలును ఫీడ్‌బ్యాక్ హబ్‌లో చేర్చారు.

లినక్స్‌లో దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ ఉంది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, డెబియన్ అనే లినక్స్ రకం తాలూకు అన్‌స్టేబుల్ (ఇంకా తయారీలో ఉన్న) వెర్షన్‌లో, దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. ఎందుకో తెలుసుకోవాలని తవ్వితే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని పెట్టిన దొంగదారి బయటపడింది. డెబియన్ స్థిర వెర్షన్‌లోకి అది చేరకముందే దొరికింది. మరో లినక్స్ రకమైన ఉబుంటు 24.04 బీటా కూడా ఆ కారణంగా వారం ఆలస్యమైంది. అర సెకనును ఒక మనిషి పట్టించుకోవడం వల్ల ఎన్ని సర్వర్లు బయటపడ్డాయో ఆలోచించండి.

కాబట్టి రాయండి, కానీ చదివేవారికి ఉపయోగపడేలా రాయండి. 'కంప్యూటర్ నెమ్మదిగా ఉంది' అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఏం చేస్తుండగా, ఏ బిల్డ్‌లో, ఏం జరగాల్సింది, ఏం జరిగింది అన్నది చెప్పండి. ఒక ఫిర్యాదులో ఒకే సమస్య ఉండాలి. అదే సంగతి ఇంకొకరు ముందే రాసి ఉంటే దానికే ఓటు వేసి మీ వివరాలు జోడించండి. ఫైళ్లు పోవడం వంటివైతే తీవ్రతను తప్పక పేర్కొనండి. విండోస్ కీతో పాటు ఎఫ్ నొక్కితే ఫీడ్‌బ్యాక్ హబ్ తెరుచుకుంటుంది.

ప్రశ్న: మ్యాక్‌లో బీటా వేస్తే ఇదే జాగ్రత్త సరిపోతుందా?

జవాబు: చాలావరకు అవే. మ్యాక్‌లో ఒక సౌకర్యం అదనంగా ఉంది: డిస్క్ యుటిలిటీలో కొత్త ఏపీఎఫ్ఎస్ వాల్యూమ్ (డిస్కులో విడి భాగం) చేర్చి బీటాను అందులో వేసుకుంటే, పాత మ్యాక్‌ఓఎస్ తన చోటే ఉంటుంది. మ్యాక్ సొంత బ్యాకప్ సాధనమైన టైమ్ మెషీన్‌తో బ్యాకప్‌ను మాత్రం బీటా వేయకముందే తీసి, ఆ డ్రైవ్‌ను విడదీసి పక్కన పెట్టండి. బీటా నడుస్తుండగా తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌కు పనికిరాకపోవచ్చు.