ముందు గోమార్ల సంగతి చూడండి, తిండి సంగతి తర్వాత

ఇంట్లో ఒక కుక్క, ఒక పిల్లి ఉన్నాయి, అవి ఆరోగ్యంగా ఉండాలంటే ఏ ఫుడ్ పెట్టాలి, ఏ షాంపూ వాడాలి అని అడిగారు. మీది ఒంగోలు అన్నారు, మాది కావలి, కాబట్టి ఎండా ఉక్కా ఇద్దరికీ ఒకటే. ముందు మీ కుక్క చెవి మడిచి లోపల చూడండి. కాలి వేళ్ళ సందులు, మెడపట్టీ కింద, తోక మొదట్లో కూడా చూడండి. గోమారి (రక్తం తాగే చిన్న పురుగు, టిక్ అంటారు) ఒక్కటి కనపడినా మీ మొదటి ఖర్చు దాని మీదే పెట్టాలి. మన వైపు కుక్కలకి దాన్ని మించిన శత్రువు లేదని నా గట్టి నమ్మకం, ఎవరు కాదన్నా వినను.

జలదంకి దగ్గర ఒక పల్లెలో మా బాబాయి వాళ్ళుంటారు. వాళ్ళకి టైగర్ అని నాటు కుక్క. ఒక ఎండాకాలం అది తిండి మానేసింది. ఎండకి మనుషులే తినలేకపోతున్నారు, కుక్క ఏం తింటుందిలే అనుకున్నారు. మా పిన్ని మజ్జిగన్నం పెడితే మూతి కూడా పెట్టలేదు. పక్కింటామె దిష్టి తగిలిందని మెడకి నల్లతాడు కట్టింది. ఇంకొకాయన జ్వరం బిళ్ళ నీళ్ళలో కరిగించి పోయమన్నాడు. నేను వేరే పని మీద ఆ ఊరెళ్ళి, దాన్ని చూద్దామని కొట్టం కాడికి పోతే గోనెసంచి మీద పడుకుని ఉంది. నన్ను చూసి లేవలేదు, తోక మాత్రం రెండుసార్లు ఆడించింది. పక్కన కూర్చుని పైపెదవి ఎత్తి చూశాను. చిగుళ్ళలో ఎరుపన్నది లేదు, పూర్తిగా పాలిపోయాయి. పొట్ట మీద వెంట్రుకలు పల్చగా ఉన్న చోట చిన్న చిన్న ఎర్ర చుక్కలు. చూస్తుండగానే ముక్కులోంచి ఒక రక్తపు బొట్టు గోనెసంచి మీద పడింది.

"బాబాయ్, ఇది ఎండ కాదు, దీనికి ఒంట్లో రక్తం అయిపోతా ఉంది, ఆటో పిలువు" అన్నాను. "కుక్కకి ఆటో ఎందిరా నాయనా" అని ఆయన నసిగాడు గానీ పిన్ని అప్పటికే ఫోన్ చేసేసింది.

దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రికి పోతే డాక్టరు గారు గేదెల క్యాంపుకి వెళ్ళారన్నారు. ఆయన్ని తప్పు పట్టను, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనొక్కరే. నా కోపమల్లా వేరే. గేదెకి, ఆవుకి అంతో ఇంతో ఏర్పాటు ఉంటుంది, కుక్కకి ఒక రక్తపరీక్ష చేయించాలంటే మాత్రం పల్లెటూరి వాడు టౌనుకి పరిగెత్తాలి. సరే, టౌన్లో ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన చిగుళ్ళు చూడగానే టిక్ ఫీవర్ అయ్యుంటుందని రక్తం తీసి పంపించాడు. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) బాగా పడిపోయాయి. ఎర్లికియా అనే బ్యాక్టీరియా అని తేలింది.

గోమారి రక్తం తాగేటప్పుడు దాని లాలాజలంతో పాటు ఆ బ్యాక్టీరియా కుక్క ఒంట్లోకి పోతుంది. జ్వరం, తిండి మానేయడం, ముక్కులోంచి రక్తం, అన్నీ దాని పనే. బబేసియా అని గోమారి తెచ్చేదే ఇంకొకటి ఉంది, అది ఎర్ర రక్తకణాల్నే పగలగొడుతుంది, దాంట్లో మూత్రం కాఫీ రంగులో వస్తుంది. రెండిటికీ మందులు వేరు. అందుకే పరీక్ష లేకుండా ఎవరో చెప్పిన బిళ్ళ వెయ్యకూడదు.

టైగర్‌కి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాశారు, 28 రోజుల కోర్సు. ఖాళీ కడుపుతో వేస్తే వాంతి చేసుకుంటుందని ఉడకబెట్టిన గుడ్డులో పెట్టి తినిపించేది పిన్ని. కొన్నాళ్ళకే లేచి కొట్టం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది, అంతే, మా బాబాయి "బాగైపోయింది కదా, ఇంకా బిళ్ళలెందుకు" అన్నాడు. చాలా ఇళ్ళల్లో సరిగ్గా ఇక్కడే ఆపేస్తారు, అది మళ్ళీ తిరగబెడుతుంది. నేను రోజూ ఫోన్ చేసి వెంటపడ్డాను, కోర్సు పూర్తయింది, కుక్క బతికింది.

గోమార్లు గేదెల నుంచి ఎక్కాయని బాబాయి వాదన. పశువులకి పట్టే జాతి వేరు, కుక్కని పట్టే గోధుమరంగు గోమారి వేరు. ఇది కుక్క రక్తం తాగి కిందికి దిగిపోతుంది, గోడెక్కి పగుళ్ళలో దూరి గుడ్లు పెడుతుంది, ఒక్కొక్కటి వేలల్లో. కొట్టం గోడ దగ్గర టార్చి వేసి చూస్తే పగుళ్ళ నిండా జొన్నగింజలు కూరినట్టు ఉన్నాయి. కుక్కకి ఎంత మందు పూసినా ఆ గోడని వదిలేస్తే లాభం లేదు. గోనెసంచి తగలబెట్టి, పగుళ్ళు సిమెంటుతో మూయించి, మందు కొట్టించాం, గుడ్లు పొదిగి పిల్లలు మళ్ళీ వస్తాయి కాబట్టి తర్వాత ఇంకోసారి కొట్టించాం. కుక్కకేమో నెలకోసారి, మూడు నెలలకోసారి తినిపించే బిళ్ళలున్నాయి, బరువుని బట్టి డాక్టరు రాసిస్తారు. కిరసనాయిలు మాత్రం పూయకండి, చర్మం కాలుతుంది, నాకితే కడుపులోకి పోతుంది.

పిల్లి దగ్గర ఇంకా జాగ్రత్త. కుక్కల కోసం అమ్మే గోమార్ల మందుల్లో కొన్నిట్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, అది పిల్లికి విషం, వణుకు, ఫిట్స్ వచ్చి చచ్చిపోతుంది. పారాసిటమాల్ కూడా అంతే, మనం ఒళ్ళు నొప్పులకి వేసుకునే ఒక్క బిళ్ళ చాలు పిల్లి ప్రాణం తీయడానికి. కుక్కకి కూడా మన నొప్పుల బిళ్ళలు వద్దు, ఐబుప్రోఫెన్ లాంటివి కడుపులో పుండ్లు చేస్తాయి, అసలే ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకి అది ఇంకా ప్రమాదం. మెడికల్ షాపులో అడిగి బిళ్ళ తెచ్చి వేసే అలవాటు మనుషులకే మంచిది కాదు, నోరులేని జీవాలకి అసలు కాదు.

తిండికి పెద్ద కంపెనీ ఫుడ్డే కావాలని లేదు. కుక్కకి అన్నంలో ఉడికించిన చికెనో గుడ్డో కలపండి, ఉప్పూ కారం వద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూర పెట్టకండి, అవి రక్తాన్ని దెబ్బతీస్తాయి. ఆదివారం బిర్యానీ తిని ఆ కోడి ఎముకలు కుక్క ముందు పారేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది, ఉడికిన ఎముక సూదుల్లా విరిగి పేగులో గుచ్చుకుంటుంది. పిల్లికి వట్టి పెరుగన్నం సరిపోదు, దానికి మాంసమో చేపో ఉండాల్సిందే. అయితే పచ్చి చేప తలకాయలు రోజూ వేయకండి, కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ని పాడుచేసే గుణం ఉంటుంది, ఉడకబెడితే పోతుంది. కుక్కకైతే షాంపూ కుక్కల కోసం తయారుచేసింది ఏదైనా పరవాలేదు, మనుషులది మాత్రం వాడకండి. రోహిణి కార్తెలో హస్కీని కొనుక్కొచ్చి మేడ మీద కట్టేసేవాళ్ళకి నేను చెప్పేదేం లేదు, ఆ జాతి మంచులో పుట్టింది.

టీకాలు వేయించారో లేదో మీరు రాయలేదు. కుక్కపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ అనే జబ్బులకి టీకా మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్ వేయించాలి. రేబిస్‌ది మూడు నెలలకి, తర్వాత ఏడాదికోసారి, పిల్లికి కూడా. నట్టల మందు పెద్దవాటికి మూడు నెలలకోసారి. తేదీలన్నీ ఒక పుస్తకంలో రాయించుకుని డాక్టరు దగ్గరికి పోయిన ప్రతిసారీ తీసుకెళ్ళండి, గోమార్ల మందు ఎప్పుడు వేశారో అది కూడా అందులోనే రాసుకోండి.