స్ట్రెయిన్ గేజ్‌ల లెక్కలో పట్టీ చివర తక్కువ దిగినట్టు వస్తోందా?

మీరు అడిగింది ఇదీ: మీటరు పొడవు, 3 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం పట్టీని ఒక చివర బిగించి, పైన ఐదు స్ట్రెయిన్ గేజ్‌లు (పట్టీ ఉపరితలం ఎంత సాగిందో, అంటే స్ట్రెయిన్ ఎంతో, కొలిచే చిన్న రేకులు) అంటించారు. రెండో చివర బరువు వేలాడదీస్తే స్కేలు మీద 50 మి.మీ. దిగింది, లెక్కలో 40 దాటడం లేదు. గేజ్‌లు పెంచాలా?

వద్దు. ముందు బిగించిన చోటు చూడండి. తిరుపతిలో ఎం.టెక్ చేసేటప్పుడు నేను సరిగ్గా ఇక్కడే మూడు వారాలు పోగొట్టుకున్నాను.

చివర బరువు వేస్తే స్ట్రెయిన్ బిగింపు దగ్గర ఎక్కువగా ఉండి, చివరికి సున్నా అయ్యేలా సరళరేఖలో తగ్గుతుంది. ఆ గీతకు రెండు గేజ్‌లు చాలు. గేజ్ చెప్పేది తానున్న చోట వంపు ఎంత అన్నది మాత్రమే. స్ట్రెయిన్‌ను సగం మందంతో, అంటే 1.5 మి.మీ.తో భాగిస్తే వంపు. దాన్ని ఒకసారి ఇంటిగ్రేట్ చేస్తే, అంటే పొడవునా కూడుకుంటూ పోతే, వాలు, రెండోసారి చేస్తే ఎంత దిగిందో వస్తుంది. రెండుసార్లూ మొదటి విలువ మనమే ఇవ్వాలి. బిగించిన చోట రెండూ సున్నా అని అందరం రాసేస్తాం. అక్కడ పట్టీ వంగకుండా మొత్తంగా తిరిగిందనుకోండి, అది ఏ గేజ్‌కూ తెలియదు.

నాకు 50కి 39 వచ్చేది. కోడ్ మళ్లీ రాశాను, రెండు గేజ్‌లు పీకి మళ్లీ అంటించాను, టెన్షన్‌తో నిద్ర లేదు. ఆఖరికి బిగింపుకు 50 మి.మీ. దూరంలో డయల్ గేజ్ (ముల్లుతో చిన్న కదలికను చూపే కొలత పరికరం) పెడితే 0.7 మి.మీ. చూపింది. లెక్క ప్రకారం అక్కడ 0.15 కూడా రాకూడదు. సి-క్లాంప్ కింద నేను పెట్టిన చెక్కముక్క నలిగిపోయి, పట్టీ అర డిగ్రీ పైన తిరుగుతోంది. మీటరు దూరంలో అదే 11 మి.మీ.

రేణిగుంట రోడ్డులో లేత్ షాపు పెద్దాయన ఆ చెక్కను గోటితో నొక్కి చూసి, "ఇంత మెత్తగుంటే పట్టీ ఎట్ల నిలస్తాది నాయనా" అన్నాడు. రెండు మందపాటి ఉక్కు పలకలు కోసి, నాలుగు బోల్టులకు రంధ్రాలు వేసిచ్చాడు. ఆ సాయంత్రమే స్కేలు మళ్లీ 50 చూపేదాకా బరువు పెంచితే, లెక్కలో 49 వచ్చింది. ఆ అంకెను ఎంతసేపు చూశానో!

ఎండాకాలం సంగతి కూడా చూసుకోండి. పొద్దున సున్నా చేసి మధ్యాహ్నం రీడింగ్ తీస్తే వేడికి గేజ్‌ల సున్నా జరిగిపోతుంది. అన్నిటిలో 20 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల్లో 20 వంతులు) తేడా వచ్చినా చివర దాదాపు 7 మి.మీ. తప్పు. ప్రతి చోటా పైనొకటి, కిందొకటి అంటించి హాఫ్ బ్రిడ్జ్ (రెండు గేజ్‌ల తేడాను మాత్రమే చదివే సర్క్యూట్) కట్టండి. వేడి ప్రభావం రద్దవుతుంది, వంపు సిగ్నల్ రెట్టింపవుతుంది.

ఎక్కువ గేజ్‌లు కావాల్సింది బరువు పొడవునా పరుచుకున్నప్పుడు, మందం మారుతున్నప్పుడు. విమానం రెక్క అలాంటిదే. 2003 జూన్‌లో 75 మీటర్ల రెక్క ఉన్న నాసా పైలట్ లేని విమానం హీలియోస్, రెక్క మితిమీరి పైకి వంగాక హవాయి దగ్గర సముద్రంలో కూలింది. ఎగురుతున్న రెక్క ఆకారాన్ని స్ట్రెయిన్ నుంచి చెప్పే సూత్రాలను 2007లో నాసాలోనే విలియం కో బృందం ప్రచురించింది. అక్కడా లెక్క రెక్క మొదట్లోనే మొదలవుతుంది.

డయల్ గేజ్ దొరక్కపోతే బిగింపు అంచున చిన్న అద్దం ముక్క అంటించి, దాని మీద లేజర్ పాయింటర్ కొట్టండి. గోడ 3 మీటర్ల దూరంలో ఉంటే, అర డిగ్రీ తిరిగినా చుక్క 5 సెం.మీ. జరుగుతుంది. బరువు వేసేటప్పుడు ఆ చుక్కనే చూస్తూ ఉండండి.