టాపిక్ ఇచ్చిన వారంలోనే లైబ్రేరియన్‌ను క్లాసుకు పిలవండి

ప్రశ్న: కడపలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ప్రాజెక్టు ఇస్తే పిల్లలు గూగుల్‌లో ముందు కనిపించింది దించేస్తున్నారు. ఈసారి ‘రాయలసీమ కరువు’ మీద వచ్చినవన్నీ ఒకే మాదిరిగా ఉన్నాయి. మా లైబ్రేరియన్ సార్ మంచాయనే కానీ, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడంతో సరిపోతోంది. ఆయన సాయం ఎలా తీసుకోవాలి సార్?
– ఒక లెక్చరర్, కడప

జవాబు: అమ్మా, నేను అనంతపురంలో యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పిల్లలు మా దగ్గరికి సబ్మిషన్ నెత్తిమీదికి వచ్చాక, టెన్షన్‌తో పరుగెత్తుకొచ్చేవాళ్ళు. అప్పుడు మేం చేయగలిగేది చాలా తక్కువ. అందుకే టాపిక్ ఇచ్చిన వారంలోనే మీ సార్‌ను క్లాసుకు పిలవండి. ‘లైబ్రరీ గురించి నాలుగు మాటలు చెప్పండి’ అని మాత్రం అడగొద్దు. ‘కరువు మీద మెటీరియల్ ఎలా వెతకాలో వీళ్ళ చేత చేయించండి’ అని అడగండి.

ఎందుకంటే ‘రాయలసీమ’ అని కొట్టిన పిల్లకు పాత రికార్డులు దాదాపుగా తగలవు. ఆ పేరు పెట్టింది 1928 నంద్యాల సభలో. అంతకు ముందు కాగితాల్లో మన జిల్లాలు ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’, అంటే దత్తమండలాలు. కడపకు కూడా ఇంగ్లిషులో 2005 దాకా ‘సి’తో మొదలయ్యే స్పెల్లింగే ఉండేది. ‘కె’తో వెతికితే పాతవన్నీ జారిపోతాయి. ఇలాంటివి కేటలాగుతోనే బతుకు గడిపినవాళ్ళకు తెలుస్తాయి. ఆ తెలివిని మనం క్లాసులోకి రానివ్వడం లేదన్నదే నా బాధ.

సరైన మాటతో వెతికితే బ్రిటిష్ కాలంలో జిల్లా వివరాలన్నీ కూర్చి రాసిన గెజిటీర్లు బయటికొస్తాయి: ఫ్రాన్సిస్ 1905లో రాసిన అనంతపురం గెజిటీర్, బ్రాకెన్‌బరీ 1915లో రాసిన కడప గెజిటీర్. వాటిలో కరువుల గురించి చదివించి, పక్కనే ఇప్పటి జిల్లా హ్యాండ్‌బుక్‌లోని మండలాల వారీ వానల లెక్కలు పెట్టమనండి. అప్పుడు ప్రశ్న పిల్లల నోటి నుంచే వస్తుంది. ప్రశ్న తనదైతే కాపీ కొట్టాలని అంత తొందరగా అనిపించదు.

మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగా వెబ్‌సైటులో పీహెచ్‌డీ థీసిస్‌లు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. థీసిస్ మొత్తం దించుకోవడం కాదు, చివర ఉండే పుస్తకాల పట్టిక ఎలా వాడుకోవాలో సార్ చూపించాలి. మీది ప్రభుత్వ కాలేజీ కాబట్టి ఇంకో సంగతి అడగండి. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే కేంద్ర పథకం కింద దాదాపు 13 వేల జర్నళ్ళు ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిచారు. మీ కాలేజీకి లాగిన్ ఉందో లేదో ఆయననే కనుక్కోమనండి.

మీ ఊళ్ళోనే యోగి వేమన యూనివర్సిటీ వాళ్ళ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. జిల్లా కైఫీయత్తులను, అంటే ఊరూరి పాత చరిత్ర రాసిపెట్టిన రికార్డులను, అచ్చువేసింది వాళ్ళే. ఊళ్ళ చరిత్ర, చెరువుల సంగతులు వాటిలో దొరుకుతాయి. ఒక రోజు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళండి. సార్‌ను కూడా వెంటబెట్టుకుని పోండి, అక్కడి సిబ్బందితో మాట్లాడటం ఆయనకు తేలిక.

ఇక మార్కుల విషయం. ఏ మాటతో వెతికారు, ఏం దొరికింది, ఏది పక్కన పెట్టారు, ఎందుకు – ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయించండి. ప్రాజెక్టు మార్కుల్లో కొన్ని దానికి కేటాయించి, ఆ మార్కులు లైబ్రేరియన్ సార్ చేతే వేయించండి. మార్కుల్లేకపోతే పిల్లలు రాయరమ్మా.