నెల సరుకులు: ఏ వస్తువు ఏ కొట్లో?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వంటింటి ఖర్చు గురించే. వాటిలో నాలుగింటిని ఇక్కడ తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పెద్దదయింది. మిగిలినవారిలో చాలామంది అడిగిన సంగతులు కూడా అందులోనే ఉండడంతో దానిని కుదించలేదు.

ప్రశ్న: మాది హైదరాబాదులోని కూకట్‌పల్లి. అత్తగారితో కలిపి ఇంట్లో ఐదుగురం. ఇరవై ఏళ్లుగా వీధి చివర ఉన్న కిరాణా కొట్లో ఖాతా మీద సరుకులు తెచ్చుకుంటున్నాం. ఒకప్పుడు 9 వేలలో ముగిసిన పద్దు ఇప్పుడు 12 వేలు దాటుతోంది. పెద్ద సూపర్‌మార్కెట్‌కు మారితే నెలకు రెండు వేలు మిగులుతాయని మా తోటికోడలు చెబుతోంది. ఖాతా మూసేస్తే కొట్టాయన ఏమనుకుంటాడోనని అత్తగారి బెంగ. ఏం చేయమంటారు?

జవాబు: ఖాతా మూయవద్దు, అలాగని అన్నీ అక్కడే కొనవద్దు. పోయిన నెల పద్దు చీటీ ముందు పెట్టుకుని ఎక్కువ డబ్బు పోయిన పది వస్తువుల కింద గీత గీయండి. బియ్యం, కందిపప్పు, నూనె, మినపగుళ్లు, చింతపండు, కారం, పంచదార, కాఫీ పొడి వంటివే అక్కడ తేలుతాయి. కొట్లను పోల్చాల్సింది ఈ పదింటి విషయంలోనే. ఆవాలు, మెంతులు, ఇంగువ ఎక్కడ కొన్నా నెలకు తేడా పాతిక రూపాయలు దాటదు. వాటి కోసం రెండు వీధులు అదనంగా తిరగడం దండగ.

పోల్చేటప్పుడు సంచి ధరను కాక కిలో ధరను చూడండి. బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకుంటుందని మీరు ఎప్పుడైనా కొట్టాయనను అడిగారా? 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసి మూసిన ఆహార ధాన్యాల సంచులు 25 కిలోలు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతోంది, 25 దాటితే పడదు. మిల్లర్లు వెంటనే ఒక కిలో కలిపి 26 కిలోల సంచి తెచ్చారు. అందువల్ల ఒకే రకం సోనా మసూరిని ఐదేసి కిలోల సంచుల్లో కొనే ఇల్లు, బస్తాగా కొనే ఇంటికంటే కిలోకు ఎక్కువ చెల్లిస్తుంది. ఐదుగురున్న ఇంట్లో బస్తా పాతబడే ప్రమాదం లేదు కనుక మీరు బస్తానే తీసుకోండి. ధర తక్కువని కొత్త బియ్యం మాత్రం ఎత్తవద్దు. పాత బియ్యం నీళ్లు బాగా పట్టి ఒదుగుతుంది. కొత్త బియ్యం ముద్దవడమే కాకుండా అదే అన్నానికి మరో గుప్పెడు ఎక్కువ పోయిస్తుంది, దాంతో కిలోకు మిగిలిన నాలుగు రూపాయలు కుక్కర్లోనే కరిగిపోతాయి. మీకు రేషన్ కార్డు ఉంటే ఈ లెక్క పూర్తిగా మారుతుంది. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో కార్డులోని ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఐదుగురి పేర్లూ కార్డులో ఉంటే అది 30 కిలోలు, అంటే ఒక బస్తాకు మించినది.

నూనె దగ్గర మరో కిటుకు ఉంది. లీటరు పొద్దుతిరుగుడు నూనె బరువు సుమారు 910 గ్రాములు. అయితే చూడడానికి అచ్చం లీటరు ప్యాకెట్‌లాగే ఉండి, లోపల 850 గ్రాములో 800 గ్రాములో మాత్రమే ఉన్నవి కూడా అదే అరలో ఉంటాయి. ఉదాహరణకు 910 గ్రాముల ప్యాకెట్ 150 రూపాయలు, పక్కనున్న 850 గ్రాములది 143 రూపాయలు అనుకుందాం. చేయి సహజంగా రెండోదాని మీదకు పోతుంది. కిలో లెక్కన మొదటిది 165 రూపాయలు, రెండోది 168 రూపాయలు పడుతుంది. ప్యాకెట్ వెనక సన్న అక్షరాల్లో గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా ముద్రించి ఉంటుంది. మీకు కళ్లద్దాలుంటే అంగడికి వెళ్లేటప్పుడు మరచిపోవద్దు.

నూనె ధర పెరగడంలో మీ కొట్టాయన పాత్ర లేదని కూడా చెప్పాలి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకున్నదే. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై సుంకం మొత్తంగా 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగింది, 2025 మే చివరలో దానిని 16.5 శాతానికి తగ్గించారు. ఇటువంటి పెరుగుదల ఏ కొట్లో కొన్నా తప్పదు. మీ 3 వేల తేడాలో కొంత భాగం ఇలాంటిదే కావచ్చు, కనుక కొట్టు మారినంత మాత్రాన పాత 9 వేలకు తిరిగి వెళ్లగలమని ఆశపడకండి.

ఇక మీ తోటికోడలు చెప్పిన రెండు వేల మాట. ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ ధర నుంచి ఎంత తగ్గించారో సూపర్‌మార్కెట్ బిల్లు అడుగున పెద్దగా వేస్తారు. ఆవిడ చెప్పే అంకె అక్కడిదే అయివుంటుందని నా అనుమానం. పప్పులు, నూనెల మీద ఆ గరిష్ఠ ధరను చాలా ఎత్తులో ముద్రిస్తారు. ఆ ధరకు మీ వీధి కొట్టాయన కూడా అమ్మడు. కాబట్టి అది ఆదా కింద లెక్కకు రాదు. మీ చీటీలోని పది వస్తువులకు అక్కడి అసలు ధరలు పక్కన రాసుకుంటే నిజమైన తేడా తేలుతుంది. దానిలో నుంచి రానుపోను ఆటో ఖర్చును, చీటీలో లేకుండా ట్రాలీలోకి చేరిన బిస్కెట్లు, ప్లాస్టిక్ డబ్బాల ఖర్చును కూడా తీసివేయండి. ట్రాలీ లోతుగా ఉండడం వల్ల నాలుగు వస్తువులు వేసినా ఖాళీగానే కనబడుతుంది. నేను పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లిన ఏ నెలలోనూ ఈ లెక్క నాకు లాభంగా తేలలేదు.

అందుచేత నెలకు ఒకసారి, చీటీ చేతబట్టుకుని, నిజంగా తేడా ఉన్న నాలుగైదు బరువు సరుకులకే సూపర్‌మార్కెట్‌కు వెళ్లండి. మిగిలినవి మీ కొట్లోనే తీసుకోండి. వెళ్లేముందు ఆ ధరలను కొట్టాయనకు చూపించండి. ఇరవై ఏళ్ల ఖాతాదారు బస్తా బియ్యం బయట కొంటానంటే పది, ఇరవై తగ్గించని వర్తకుడు అరుదు. జీతం ఆలస్యమైన నెలలో అరువు ఇచ్చేదీ, పురుగు పట్టిన శనగపప్పును మారు మాట లేకుండా వెనక్కి తీసుకునేదీ, వానలో నెయ్యి డబ్బా ఇంటికి పంపేదీ ఆయనే. వీటికి ధర ఉంది, అయితే ఆ ధర నెలకు రెండు వందలా, రెండు వేలా అన్నది మీకు తెలిసి ఉండాలి. అత్తగారితో ఖాతా మూయడం లేదని, చిన్నది చేస్తున్నామని చెప్పండి.

ప్రశ్న: గచ్చిబౌలిలో మేమిద్దరం ఉద్యోగులం. కూరగాయలు, పాలు, పెరుగు అన్నీ పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లలోనే తెప్పిస్తాం. ధరలు బయటి మార్కెట్‌తో దాదాపు సమానంగానే కనిపిస్తున్నాయి. అయినా నెలాఖరుకు డబ్బు ఎటు పోతోందో అర్థం కావడం లేదు.

జవాబు: ధర ఒకటే అయినా మీరు ఎన్నిసార్లు కొంటున్నారన్నదే ప్రశ్న. గత నెల ఆర్డర్లన్నీ తెరిచి, వస్తువుల ధరలను వదిలేసి, కింద వచ్చే డెలివరీ, హ్యాండ్లింగ్, చిన్న ఆర్డరు రుసుములను మాత్రమే ఒక కాగితం మీద కూడండి. పాతిక రూపాయల చొప్పున 30 ఆర్డర్లకు 750 రూపాయలవుతాయి. రుసుము తప్పించుకోవడానికి అవసరం లేకపోయినా కలిపిన ఐస్‌క్రీములను వేరే రంగుతో గుర్తించండి.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. రైతు బజారులో పావు కిలో పచ్చిమిర్చి, కిలో వంకాయలు తీసుకుంటే రెండు రెబ్బల కరివేపాకు కొసరుగా సంచిలో పడుతుంది. యాప్‌లో అదే కరివేపాకు ప్లాస్టిక్ కవరులో, దాని ధరతో సహా వస్తుంది. కొసరు అనే మాట ఆ యాప్‌లకు ఇంకా తెలియదు.

యాప్‌ను పూర్తిగా మానమని ఉద్యోగస్తులకు చెప్పడం తేలికే కానీ న్యాయం కాదు. అలసిపోయి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరి, పెరుగు లేదని హోటల్ నుంచి భోజనం తెప్పించుకోవడం కంటే పెరుగు ప్యాకెట్ తెప్పించుకోవడమే చవక. ఆదివారం ఉదయం ఒక గంట కేటాయించి వారానికి సరిపడే కూరగాయలను బజారులో కొని, యాప్‌ను వారానికి రెండు ఆర్డర్లకు పరిమితం చేయండి. ఆకుకూరలను మాత్రం వారానికంతా ఒకేసారి కొనవద్దు. బుధవారానికి వడలి చెత్తబుట్టలో పడే పాలకూర కట్ట ఎంత చవకగా దొరికినా ఖరీదైనదే.

ప్రశ్న: విజయవాడలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయుడిని. రైతు టమాటాలను రోడ్డు మీద పారబోశాడని ఒక నెల వార్త వస్తుంది, మరో నెల కిలో వంద రూపాయలంటారు. నడుమ ఎవరు తింటున్నారు? మావంటి పింఛనుదారులు ఎక్కడ కొనాలి?

జవాబు: మాస్టారూ, 2023లో మీరు చెప్పిన రెండూ ఒకే సంవత్సరంలో జరిగాయి. ఆ జూలైలో టమాటా కిలో వంద దాటి చాలా ఊళ్లలో నూట యాభైకి పైగా పలికింది, సెప్టెంబరు వచ్చేసరికి రైతుకు కోత కూలి కూడా గిట్టని స్థితి ఏర్పడింది. నాటిన రెండు నెలలకే కోతకు వచ్చే పంట ఇది. ధర పెరిగిందని తెలియగానే అందరూ నాటుతారు, ఆ పంటంతా ఒకేసారి మదనపల్లె వంటి మార్కెట్లను ముంచెత్తుతుంది. కోసిన కాయ ఎక్కువ రోజులు ఆగదు కాబట్టి దానిని దాచుకుని అమ్మే వీలు రైతుకు లేదు. నడుమ ఎవరు తింటున్నారన్న దానికి రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన పరిశోధన పత్రం ఒక అంచనా ఇచ్చింది. వినియోగదారుడు టమాటా మీద పెట్టే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలు, ఉల్లి మీద 36, బంగాళదుంప మీద 37. మిగిలినదంతా దళారుల జేబుకే పోతుందనడం సరికాదు. అందులో రవాణా, హమాలీ, కమీషను, కుళ్లిపోయిన సరుకు నష్టం, చిల్లర వర్తకుడి లాభం అన్నీ ఉన్నాయి.

ఆ నడిమి మెట్లను తగ్గించడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరిలో రైతు బజార్లు మొదలయ్యాయి. మీకు దగ్గరగా ఉన్న రైతు బజారుకు వెళ్లి గేటు దగ్గరి బోర్డు మీది ధరలను చదివి, ఆ తరువాతే బేరం మొదలుపెట్టండి. ఉదయం వెళితే సరుకు తాజాగా ఉంటుంది, చీకటి పడే వేళకు ధర దిగుతుంది. పింఛనుదారులకు సమయం ఉంటుంది కనుక రెండో వేళ మీకు అనుకూలం, కాకపోతే కాయలను ఒక్కొక్కటిగా ఏరుకోవాలి.

టమాటా ధర మండిపోతున్న వారాల్లో దానిని వెతుక్కుంటూ వెళ్లనక్కరలేదు. పులుపు కోసం మన వంటింట్లో చింతపండు, మామిడికాయ, చుక్కకూర, గోంగూర ఉండనే ఉన్నాయి. ఉల్లి విషయంలో మాత్రం కొంత ముందుచూపు పనికొస్తుంది. వేసవిలో వచ్చే రబీ ఉల్లి, పొర ఎండి గట్టిగా ఉన్నది, గాలి ఆడే బుట్టలో రెండు మూడు నెలలు నిలుస్తుంది. వానాకాలపు కొత్త ఉల్లి అలా నిలవదు. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు ధర ఎగిరే రోజులకు ముందే పది కిలోలు పెట్టుకుంటే ఇద్దరున్న ఇంటికి సరిపోతుంది. కందిపప్పు, కారం ఏడాదికి సరిపడా కొనే పాత అలవాటును మాత్రం, ఎండ తగలని అపార్ట్‌మెంటులో ఉంటే, కొనసాగించవద్దని నా సలహా. ఆముదం రాసి డబ్బాకెత్తినా తేమకు పురుగు పట్టవచ్చు. మూడు నెలలకు మించి కొనకండి.

ప్రశ్న: వరంగల్‌లో ఒక దుకాణంలో చవకగా ఇస్తున్నారని వరుసగా కొంటున్నాను. ఇంట్లో తూస్తే కిలోకు 60, 70 గ్రాములు తగ్గుతోంది. అడిగితే మీ కాటాదే తప్పంటున్నారు.

జవాబు: మీ కాటా తప్పో వారి కాటా తప్పో తేల్చడానికి తేలికైన మార్గం ఉంది. పేరున్న కంపెనీ కిలో ఉప్పు ప్యాకెట్‌ను విప్పకుండా మీ కాటా మీద పెట్టండి. కవరు బరువుతో కలిపి కిలోకు ఒక పిసరు ఎక్కువ చూపాలి. ఆ ప్యాకెట్‌నే సంచిలో తీసుకువెళ్లి దుకాణంలో కూడా తూయమనండి. కాటా మీద వస్తువు పెట్టకముందు అంకె సున్నా ఉందా, పళ్లెం కింద ఏమైనా ఉందా అని కూడా చూడండి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ఏటా తనిఖీ చేసి ముద్ర వేయాలి, ఆ ముద్ర చూపించమని అడిగే హక్కు మీకుంది.

కిలోకు 70 గ్రాములు తగ్గితే 100 రూపాయల సరుకు మీకు 107 రూపాయలకు పైగానే పడినట్టు. పక్క దుకాణంలో 104కు దొరికేది మీకు ఇక్కడి కంటే చవక. తేడా రుజువైతే బిల్లు దాచి, జిల్లా తూనికలు కొలతల అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి లేదా జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయండి. బిల్లు ఇవ్వని దుకాణమైతే తరువాతిసారి ఫోను ద్వారా డబ్బు చెల్లించండి. తేదీ, మొత్తం, దుకాణం పేరు అన్నీ అందులో నమోదై ఉంటాయి.