టెక్ సందేహాలు: డబ్బా నిండా విజిటింగ్ కార్డులు, అవసరానికి ఒక్క నంబరూ దొరకదు

ప్రశ్న: తిరుపతి భవానీ నగర్‌లో ఇంట్లోనే ఒక గదిని ఆఫీసుగా పెట్టుకుని ట్రావెల్స్ బుకింగులు చూస్తుంటాను. కార్ల ఓనర్లు, డ్రైవర్లు, లాడ్జి మేనేజర్లు ఇచ్చిన విజిటింగ్ కార్డులు రెండు స్వీటు డబ్బాల నిండా ఉన్నాయి. అర్ధరాత్రి ఎవరైనా ఫోన్ చేసి టెంపో ట్రావెలర్ కావాలంటే కావలసిన కార్డు చేతికి రాదు. టెన్షన్‌తో డబ్బా అంతా గాలిస్తాను. కార్డులు స్కాన్ చేసే మిషన్ కొనమంటారా?

మిషన్ వద్దు, చేతిలో ఉన్న ఫోన్ చాలు. స్కానింగ్ కంటే ముందు డబ్బాలు రెండూ బోర్లించండి. చూడగానే ఎవరిదో గుర్తురాని కార్డును పక్కన పడేయండి. ‘ఎప్పటికైనా పనికొస్తుందేమో’ అని దాచిన కార్డుల్లో చాలావరకు ఎప్పటికీ పనికిరావు, మొహమాటపడకండి.

మిగిలినవాటి మీద, కెమెరా ముందున్న అక్షరాలను చదివే గూగుల్ లెన్స్ పెడితే పేరు, నంబరు, ఈమెయిల్ గుర్తించి కాంటాక్టుగా చేర్చుకునే వీలు చూపిస్తుంది. ఐఫోన్ వాళ్లకు గూగుల్ యాప్‌లోనే లెన్స్ ఉంటుంది. లామినేషన్ చేసిన కార్డును ట్యూబ్‌లైట్ కింద పెడితే మెరుపు పడి అంకెలు మాయమవుతాయి. పగటిపూట కిటికీ పక్కన, ముదురు రంగు బల్ల మీద పెట్టి తీయండి. వెనక్కి తిప్పి చూడడం మరచిపోవద్దు, రెండో నంబరు పెన్నుతో రాసి ఇచ్చేది అక్కడే. లెన్స్ తెలుగు కూడా చదువుతుంది కానీ, శుభలేఖల తరహా వంకర్ల అక్షరాలు వస్తే వత్తులు తారుమారు చేస్తుంది. పేరులో తప్పు పడితే మనిషిని పోల్చుకోగలం. నంబరులో ఒక్క అంకె మారితే ఎవరో తెలియని మనిషిని అర్ధరాత్రి నిద్ర లేపుతాం. సేవ్ చేసేముందు పది అంకెలూ కార్డుతో సరిచూసుకోండి. పాత కార్డుల్లో కోడ్ లేకుండా వేసిన ల్యాండ్‌లైన్ నంబర్లుంటే ముందు తిరుపతి కోడ్ 0877 మీరే చేర్చాలి.

ఇక్కడిదాకా ఫోన్ చేసి పెడుతుంది. అసలు కష్టం పేరు పెట్టడంలో ఉంది, అది మీరే చేయాలి. లెన్స్ కార్డు మీద ఉన్నదే తీసుకుంటుంది: శ్రీ వేంకటేశ్వర ట్రావెల్స్. తిరుపతిలో స్వామి పేరుతో బోర్డు లేని వీధి ఉందా? అలాంటివి పది సేవ్ చేసుకుంటే పదిమందిలో టెంపో ఎవరిదో మళ్లీ వెతుక్కోవాలి. అర్ధరాత్రి మీకు గుర్తొచ్చేది ‘రేణిగుంటలో టెంపో ఉన్నాయన’ అన్న ముక్క మాత్రమే. కాబట్టి ముందు పని, తర్వాత ఊరు, చివర మనిషి పేరు పెట్టండి. ‘టెంపో రేణిగుంట’ అని మొదలుపెడితే, వాట్సాప్‌లో ‘టెంపో’ అని కొట్టగానే టెంపోల వాళ్లంతా ఒకేచోట కనిపిస్తారు. తెలుగు లిపిలో పెడతారో ఇంగ్లిష్ అక్షరాల్లో పెడతారో ముందే తేల్చుకోండి. సగం అటూ సగం ఇటూ ఉంటే ఒక లిపిలో వెతికినప్పుడు రెండో లిపిలో ఉన్నవాళ్లు రారు.

ఎక్కడ సేవ్ చేయాలని ఫోన్ అడిగితే సిమ్ అనొద్దు, గూగుల్ ఖాతా అనండి. అప్పుడు కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి కీబోర్డుతో తీరిగ్గా సరిదిద్దుకోవచ్చు, ‘డ్రైవర్లు’, ‘లాడ్జీలు’ అని లేబుళ్లు పెట్టుకోవచ్చు. ఒక ఖాతాలో 25,000 కాంటాక్టుల దాకా పడతాయి. ఒకరి పేరు రెండుసార్లు ఎక్కితే కలిపేసే సదుపాయం అందులోనే ఉంది. పొరపాటున తీసేసినా 30 రోజులపాటు ట్రాష్‌లో ఉంటుంది.

ప్రశ్న: కార్డులు స్కాన్ చేయడానికి ఒకప్పుడు క్యామ్‌కార్డ్ యాప్ వాడేదాన్ని. కొత్త ఫోన్‌లో దొరకడం లేదు. తెలిసినవాళ్లు ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్ ఎక్కించే ఫైలు) పంపుతామంటున్నారు, వేసుకోవచ్చా?

వద్దమ్మా. 2020 నవంబర్‌లో కేంద్రం నిషేధించిన 43 యాప్‌లలో అదొకటి. అదే కంపెనీ చేసిన క్యామ్‌స్కానర్ అంతకుముందే, జూన్‌లో, 59 యాప్‌ల జాబితాలో పోయింది. ప్లే స్టోర్‌లో లేనిదాన్ని వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేతో ఎక్కించడమంటే, మీ నంబర్లతో పాటు మీకు కార్డులిచ్చినవాళ్ల నంబర్లు కూడా ఎవరి చేతికో అప్పజెప్పడమే. పాత ఫోన్‌లో యాప్ ఇంకా తెరుచుకుంటుంటే కాంటాక్టులను వీసీఎఫ్ ఫైలుగా బయటికి తీసే దారి ఉందేమో చూడండి. ఆ ఫైలును గూగుల్ కాంటాక్ట్స్ నేరుగా తీసుకుంటుంది.

ప్రశ్న: చిత్తూరులో మామిడి గుజ్జు యూనిట్లకు ప్యాకింగ్ సరుకు సప్లై చేస్తాను. వేలూరు, బెంగళూరు డీలర్ల కార్డులు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. ఎవరు వ్యాపారంలో ఉన్నారో, ఎవరు మానేశారో ఫోన్ చేయకుండా తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుసుకోవచ్చు. కార్డు మీద జీఎస్టీ నంబరుంటే జీఎస్టీ పోర్టల్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ లోకి వెళ్లండి, లాగిన్ అక్కర్లేదు. నంబరు, క్యాప్చా కొడితే వ్యాపారం పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తోందా రద్దయిందా అన్నది చూపిస్తుంది. ఆ 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్: మన ఆంధ్రప్రదేశ్‌ది 37, తమిళనాడు 33, కర్ణాటక 29. మూడు రాష్ట్రాల సరిహద్దులో వ్యాపారం చేసే మీకు ఇది బాగా ఉపయోగం. కార్డు మీద వేలూరు అడ్రసు ఉండి నంబరు 37తో మొదలైతే బిల్లు ఎక్కడినుంచి వస్తుందో ముందే అడగండి, రాష్ట్రంలోపలి అమ్మకానికి వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయా, రాష్ట్రం దాటితే వేసే ఐజీఎస్టీ పడుతుందా అన్నది దాన్నిబట్టే తేలుతుంది. తర్వాతి పది అక్షరాలు పాన్. 14వ స్థానంలో మామూలుగా జెడ్ అక్షరం ఉంటుంది. స్కాన్ చేసినప్పుడు దాన్ని 2గా చదివే ప్రమాదముంది, పోర్టల్ నంబరు తప్పంటే ముందు అక్కడ చూడండి. జీఎస్టీకి బదులు టిన్ నంబరు (పాత వ్యాట్ పన్ను నంబరు) ఉందంటే అది 2017 జూలైకి ముందు అచ్చు వేసిన కార్డు, ఆ నంబరుతో ఇప్పుడు పని లేదు.

ఇంకో మాట. లేబుళ్లు జిల్లా పేరుతో పెట్టకండి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు కార్డుల్లో తిరుపతి, శ్రీకాళహస్తి కూడా చిత్తూరు జిల్లాయే. ఊరి పేరే పెట్టండి.

ప్రశ్న: ఫోన్‌కు తాకిస్తే వివరాలు వెళ్లిపోయే ఎన్‌ఎఫ్‌సీ కార్డు తీసుకోవాలనుకుంటున్నాను. దాంట్లో నా వివరాలన్నీ తెలుగులోనే పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ చోటు చూసుకోవాలి. ఇలాంటి కార్డుల్లో తరచూ వాడే ఎన్‌ట్యాగ్ 213 చిప్‌లో మనం రాసుకోవడానికి 144 బైట్ల చోటే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోతే తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి కావాలి. ‘తిరుపతి’ అన్న ఒక్క మాటకే 21 బైట్లు అయిపోతాయి. 888 బైట్లుండే ఎన్‌ట్యాగ్ 216 అడిగి తీసుకోండి. పైగా తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో ఎన్‌ఎఫ్‌సీయే ఉండదు, కార్డు తాకించి ఎదురుచూడడమే మిగులుతుంది. నా ఓటు మామూలు కార్డు వెనుక అచ్చు వేసిన క్యూఆర్ కోడ్‌కే. ప్రెస్ వాళ్లు నమూనా ఇవ్వగానే మొబైల్ డేటా, వైఫై ఆపేసి స్కాన్ చేయండి. మీ పేరు, నంబరు వస్తే వివరాలు కోడ్‌లోనే ఉన్నట్టు. లింకు మాత్రమే కనిపిస్తే అది వేరేవాళ్ల సర్వర్ మీద నడుస్తోందని అర్థం. వాళ్లు ఆపేసిన రోజు మీ కార్డులన్నీ దండగ.

ప్రశ్న: ఆల్బమ్‌లో పెట్టిన కార్డులు ప్లాస్టిక్‌కు అతుక్కుపోయాయి. తీస్తే అచ్చు ఊడి వస్తోంది.

అవి పీవీసీ కవర్లయి ఉంటాయి. వాటిని మెత్తగా ఉంచే రసాయనం సిరాను కరిగిస్తుంది, మన ఎండలకు అది ఇంకా తొందరగా జరుగుతుంది. ఈసారి పాలీప్రొపిలీన్ కవర్లున్న ఆల్బమ్ కొనండి, అటక మీద పెట్టకండి. అతుక్కున్నవాటిని బలవంతంగా లాగొద్దు. ముందు కవరు పైనుంచే ఫోటో తీసి నంబరు సేవ్ చేసుకోండి. ఆ తర్వాత కార్డు చిరిగినా నష్టం లేదు.