ముందు ఎత్తి రాసుకో

కడప

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. పన్నెండో పేజీలో ఆ పాత ఉత్తరం బీరువాలోంచి జారి నీ నాయిక ఒళ్ళో పడిన చోట కాగితాలు పక్కన పెట్టేసి లేచిపోయాను. కాఫీ తాగి వచ్చి మిగతాది చదివాను. కోపం తగ్గలేదు. అందుకే ఈ జవాబు.

ఏమ్మా, ఏ రికార్డు రూములోనైనా ఒక పూట కుదురుగా కూర్చున్నావా? అక్కడ ఏదీ జారి పడదు. చీటీ రాసివ్వాలి, కాచుకోవాలి. వచ్చిన కట్ట మనకు కావలసింది కాకపోయినా విప్పి చూడాలి. నీ కథలో అదేం లేదు. పడిన ఉత్తరం కూడా ఎంత బుద్ధిమంతురాలంటే, ఇంటి గుట్టంతా వరసగా, పేరాలు పేరాలుగా, ఫుల్‌స్టాపులతో సహా చెప్పేస్తుంది. పైన తేదీ '15 ఆగస్టు 1812'. 1812లో కరణం ఇంటి ఆడమనిషి అట్లా తేదీ వేస్తుందా? ఆంగీరస నామ సంవత్సరం, శ్రావణ మాసం, ఫలానా తిథి అని వేస్తుంది. కచేరీకి పోయే కాగితమైతే ఫసలీ 1222 అని ఉంటుంది, ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. ఫసలీకి 590 కలుపుకుంటే మన సంవత్సరం వస్తుంది. అది జూలైలో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి జూన్ దాకా 591 కలుపుకోవాలి. ఇది తెలియనివాళ్ళు రాసిన చారిత్రక నవలలు చాలా చూశాను, కొన్నిటికి బహుమతులు కూడా వచ్చాయి. ఆ సంగతి వదిలేద్దాం.

ఇంకొకటి. నాయిక ముట్టుకోగానే ఆ కాగితం పొడి పొడి అయిపోయిందని రాశావు. ఆ కాలపు కాగితం గుడ్డ పేలికలు నానబెట్టి, దంచి, చేత్తో తీసింది. నీళ్ళు పడితే పాడవుతుంది, చెద పడితే పోతుంది. అంతేగానీ ఊరికే పొడి కాదు. ముట్టుకుంటే రాలిపోయేది మా చిన్నప్పటి వారపత్రిక. అది కర్రగుజ్జు కాగితం, అందులో ఉండే ఆమ్లమే దాన్ని లోపల్నుంచి తినేస్తుంది. నా మొదటి కథ పడిన పత్రిక ఇప్పుడు అప్పడంలా విరుగుతోంది.

నీ కథలో జేజి ఒకావిడ ఉంది, ముసలి అవ్వ, కరెంటు బిల్లులూ మండీ చీటీలూ పాత చీర పేలికలో మూటగట్టి దిండు కింద పెట్టుకునే ఆవిడ. ఆ పేరా బాగుంది. దానికి ముందూ వెనకా ఉన్నదంతా నాకు అక్కర్లేదు.

ఇప్పుడు నేను చెప్పే మాటకు నువ్వు నవ్వుకోవచ్చు. నాకు తెలిసినవాళ్ళంతా నవ్వుతారు. రికార్డును చేత్తో ఎత్తి రాసుకోనివాళ్ళకు దాని మీద కథ రాసే అర్హత లేదు. సెల్‌ఫోన్‌తో ఫోటో తీసుకుంటే చాలదా అని అడుగుతావు. చాలదు. ఫోటో తీసినవాడు ఇంటికి పోయి తనకు కావలసిన నాలుగు వాక్యాలు వెతుక్కుంటాడు. ఎత్తి రాసేవాడికి ఆ సుఖం లేదు. కావలసినదీ అక్కర్లేనిదీ, లెక్కలూ కొట్టివేతలూ అన్నీ చేతిగుండా పోవాలి. పదాల మధ్య ఖాళీ లేకుండా గొలుసుకట్టుగా సాగిన రాతలో మాట ఎక్కడ తెగుతుందో, రాసినవాడు ఎక్కడ కలం ముంచుకున్నాడో, ఎక్కడ విసుగెత్తాడో చేతికి తెలుస్తుంది. కంటికి తెలియదు.

అసలు మనకు మిగిలిందంతా ఎత్తి రాసిందే కదమ్మా. 1800లో నిజాం ఈ జిల్లాల్ని ఈస్టిండియా కుంపిణీకి ధారపోశాక, కుంపిణీ అధికారి కాలిన్ మెకంజీ సర్వేకు వచ్చాడు. కావలి సోదరులూ ఆయన కింది మనుషులూ ఊరూరూ తిరిగి, కరణాల దగ్గర ఉన్న కవిలెలు, అంటే పాత లెక్కల పుస్తకాలు చూసి, పెద్దల్ని అడిగి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు రాయించారు. అడవి కొట్టి ఊరు కట్టిందెవరు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఆ మాన్యం ఎవరు లాక్కున్నారు, అన్నీ ఉంటాయి వాటిలో. 1821లో మెకంజీ పోయాడు. ఆయన భార్య దగ్గర కుంపిణీ ఆ కాగితాలన్నీ కొనేసింది. తర్వాత మన భాగం మద్రాసు చేరి పురుగుల పాలవుతుంటే, తెలుగు నేర్చిన దొర సి.పి. బ్రౌన్ పూనుకుని వాటికి నకళ్ళు రాయించాడు. అదే బ్రౌన్ అంతకు ముందు, 1820లో, కడపకు వచ్చి, బంగళా కొని, పండితుల్నీ, ఎత్తి రాసే రాయసగాళ్ళనూ జీతమిచ్చి కూర్చోబెట్టి, ఒక్కో కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి పాఠాలు సరిచూపించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చులోకి వచ్చాయంటే దాని వెనక ఎందరి వేళ్ళు నొప్పెట్టాయో. ఆ బంగళా ఉన్న చోటనే, ఎర్రముక్కపల్లెలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి లైబ్రరీ నిలబెట్టారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. కడప జిల్లా కైఫీయతులు అక్కడే అచ్చయ్యాయి. నకలుకు నకలు, దానికి అచ్చు. నీ ఫోను గ్యాలరీ అన్నేళ్ళు ఉంటుందంటావా?

నా సంగతి చెప్తాను. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థ రద్దు చేసినప్పుడు నేను తాలూకా కచేరీలో గుమాస్తాను. ఊళ్ళ నుంచి రికార్డులు గోనె సంచుల్లో వచ్చి పడ్డాయి. చిఠ్ఠాలు, ఏ పొలంలో ఏ పంటో రాసే అడంగళ్ళు, ఎర్రగుడ్డలో కట్టిన పాత దస్తాలు. కొందరు కరణాలు ఏడుస్తూ అప్పజెప్పారు, కొందరు సగమే ఇచ్చారు. అవన్నీ జాబితా రాయడం నా పని. సాయంత్రం అందరూ పోయాక ఒక్కో పేజీ నోటుబుక్కులోకి ఎక్కించుకునేవాణ్ణి. ఎందుకు చేస్తున్నానో అప్పుడు తెలియదు. ఒక అడంగల్లో, ఒక సర్వే నంబరు ఎదురుగా, రిమార్కుల గడిలో ఇట్లా ఉంది: 'విత్తినారు. మొలవలేదు. మళ్ళీ విత్తినారు. మొలవలేదు.' మరుసటి ఏడు అదే నంబరు ఎదురుగా: 'బావి తవ్వినారు. నీళ్ళు లేవు.' ఆ తర్వాతి ఏడు పెన్సిల్‌తో, చిన్నగా: 'పట్టాదారు ఊర్లో లేడు. కువైటు.' అంతే. ఆ కరణం ఎవరో నాకు తెలియదు, కథలు చదివేవాడైతే కాదు. వాక్యం ఎక్కడ ఆపాలో నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఆ మూడు గడులూ యథాతథంగా పెట్టి ఒక కథ రాసి పంపాను. పత్రిక పేరెందుకులే. 'ఈ లెక్కల భాగం తీసేయండి, సీమ కథ కదా, ఒక హత్యయినా ఉంటే బిగువుగా ఉంటుంది' అని ఎడిటరు జవాబు. మా ఊళ్ళలో మనుషులు నరుక్కోవడం తప్ప నీళ్ళ బిల్లు కట్టరని, బిడ్డకు జ్వరమొస్తే ఆస్పత్రికి పోరని వాళ్ళ నమ్మకం. మళ్ళీ ఆ పత్రికకు పంపలేదు. ఇప్పుడు ఫ్యాషన్ మారింది. హత్యలకు బదులు పాత డైరీలు. ఏ కథ చూసినా అటక మీంచి ఒక డైరీ దొరుకుతుంది, దాంట్లో రహస్యం ఉంటుంది. పోటీ కథల జడ్జీగా కూర్చున్న సంవత్సరం అటకలు చూసీ చూసీ నాకు దగ్గొచ్చింది.

పాత ఉత్తరం మనకోసం రాసింది కాదమ్మా. దాంట్లో సగం సంగతులు రాసినవాళ్ళకూ చదివేవాళ్ళకూ ముందే తెలుసు, అందుకని రాయరు. 'ఆ విషయం తమకు తెలిసినదే' అని ఒక ముక్క అని, బాకీ రూపాయలు ఎప్పుడు పంపుతారో అడుగుతారు. ఆ విషయం ఏమిటో మనకు ఎప్పటికీ తేలదు. నీ నాయికను ఆ తేలని చోట కూర్చోబెట్టు. బాకీ సంగతి ఉండనీ. అసలు గుట్టు మాత్రం ఉత్తరంలోంచి కొట్టెయ్.

పుస్తకంగా వేస్తే ఏ పబ్లిషరు మంచివాడని అడిగావు. ఇంగ్లీషు అనువాదం గురించీ ఏదో అడిగినట్టున్నావు. ఆ కాగితం ఎక్కడ పెట్టానో కనబడలేదు.

వచ్చే నెల మద్రాసు పోయి ప్రాచ్య లిఖిత గ్రంథాలయం చూస్తానని రాశావు కదా. మీ ప్రొఫెసరు దగ్గర లెటరు తీసుకుపో, పెన్ను కాదు పెన్సిల్ తీసుకుపో. మా తాలూకా కైఫీయతు అచ్చు ప్రతిలో చెరువు కట్ట తెగిన ఏడు గురించి ఒక వాక్యం సగంలో ఆగి చుక్కలు పెట్టి ఉంది. అక్కడ పాత ప్రతిలో ఆ ముక్క ఏమైనా మిగిలి ఉందేమో చూసి, దాని ముందు పేజీ, తర్వాతి పేజీ కూడా ఎత్తి రాసుకురా. ఊరి పేరు, పుట నంబరు ఈ కాగితం వెనక వైపు రాశాను. జిరాక్సు ఇస్తామంటారేమో, తీసుకోవద్దు. బస్సు చార్జీలు నేనిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన