పక్కింటి వైపు పల్లం పూడ్చి తోట వేశాం, హెచ్‌ఓఏ నోటీసు వచ్చింది: ఇప్పుడేం చేయాలి?

సందేహం: డాలస్‌కు ఉత్తరాన కొత్త కాలనీలో ఒకే అంతస్తు రాంచ్ ఇల్లు కొనుక్కున్నాం. శనాదివారాల్లో తోట పని నేనే చేసుకుంటున్నాను. మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్న పల్లాన్ని మట్టితో పూడ్చి చదును చేసి, చెక్కపెట్టెల్లో కూరగాయలు వేశాను. వెనక కంచె దగ్గర గుంటలు తీసి, కాంక్రీటు పోసి బీర, సొర పాదులకు పందిరి వేశాను. ఇంటి ముందు తులసి కోట కట్టాం. అనుమతి లేకుండా చేసినవన్నీ తీసేయాలని, లేకపోతే జరిమానా వేస్తామని హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి సర్టిఫైడ్ మెయిల్ వచ్చింది. మొన్నటి వానకు తన గరాజ్‌లోకి నీళ్లు వచ్చాయని, కోర్టుకు వెళతానని పక్కింటాయన అంటున్నారు. మా స్థలంలో మొక్కలు పెంచుకునే హక్కు మాకు లేదా? ఫ్లోరిడాలో ఉన్న మా మరదలు కరివేపాకు మొక్క తెస్తానంటోంది. దానికీ అనుమతి కావాలా?

సలహా: మిమ్మల్ని భయపెట్టింది హెచ్‌ఓఏ ఉత్తరం. నిజంగా తొందరపడాల్సింది మాత్రం పక్కింటాయన మాటకు. కూరగాయల పెట్టెల గురించి హెచ్‌ఓఏ బోర్డుతో మాట్లాడుకోవచ్చు, రంగు మార్చొచ్చు, జరపొచ్చు. పక్కవాళ్ల ఇంట్లోకి మళ్లిన నీటికి అలాంటి బేరం లేదు. ప్రతి వానకూ నష్టం పెరుగుతుంది, దాంతోపాటే మీ మీద పడే మొత్తమూ పెరుగుతుంది. కాబట్టి ముందు ఆ పల్లం సంగతి చూద్దాం. నేను చెప్పేదంతా టెక్సస్ చట్టం ప్రకారం. వేరే రాష్ట్రంలో ఉన్న పాఠకులు దీన్ని యథాతథంగా తీసుకోవద్దు.

మీరు పూడ్చినది వృథాగా వదిలేసిన పల్లం కాదు. దాన్ని స్వేల్ అంటారు. ఇంటి గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు దిగాలని నివాస భవనాల కోడ్ చెబుతుంది. రెండిళ్ల మధ్య అంత జాగా లేని చోట, రెండు కప్పుల మీది నీటినీ పట్టి వీధికో వెనక కాలువకో చేర్చడానికి బిల్డరు ఈ స్వేల్ తీస్తాడు. చాలా కాలనీల్లో దీన్ని ప్లాట్ మ్యాపులో డ్రైనేజీ ఈజ్‌మెంట్‌గా, అంటే స్థలం మీదే అయినా నీరు పోవడానికి వదలాల్సిన జాగాగా కూడా గుర్తిస్తారు. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే కాపీ తీసి, ప్రక్క హద్దు వెంట చుక్కల గీతలు ఉన్నాయేమో చూడండి. కాపీ లేకపోతే ప్లాటు మ్యాపు కౌంటీ క్లర్క్ దగ్గర దొరుకుతుంది.

టెక్సస్ వాటర్ కోడ్ సెక్షన్ 11.086 ప్రకారం, ఉపరితల జలాల సహజ ప్రవాహాన్ని ఇతరుల ఆస్తికి నష్టం కలిగేలా మళ్లించకూడదు, అడ్డగించకూడదు, అలా మళ్లించినదాన్ని కొనసాగనివ్వకూడదు. నష్టపోయినవారు పరిహారమూ అడగొచ్చు, పని ఆపే ఉత్తర్వూ కోరొచ్చు. బిల్డరు తీర్చిన నేల మీద పారేది ‘సహజ ప్రవాహం’ కాదని మీ తరఫు లాయరు వాదించే వీలుంది. ఆ వాదననే నమ్ముకుని కూర్చోవద్దు. నిర్లక్ష్యం కిందా, ఈజ్‌మెంట్ ఉల్లంఘన కిందా పక్కింటాయన దావా వేయొచ్చు. నష్టం 20,000 డాలర్ల లోపైతే జస్టిస్ కోర్టులో లాయరు లేకుండానే వేసుకోవచ్చు.

పల్లం తిరిగి తవ్వితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని చాలామంది ఆగిపోతారు. ఆ భయం అక్కర్లేదు. తర్వాత చేసిన మరమ్మతును నిర్లక్ష్యానికి రుజువుగా చూపడానికి టెక్సస్ సాక్ష్య నియమం 407 ఒప్పుకోదు. నష్టం జరిగాక కూడా కదలకుండా కూర్చుంటేనే మీ కేసు బలహీనపడుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఇప్పుడున్న స్థితిని టేపు పెట్టి, తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. బిల్డరు దగ్గరా, సిటీ ఆఫీసులోనూ మీ లాటు గ్రేడింగ్ ప్లాను అడగండి. అది దొరికితే ఆ కొలతలే ప్రమాణం. దొరకకపోతే 2 శాతం వాలు పెట్టుకోండి: అడుగుకు పావు అంగుళం, 40 అడుగుల పొడవుకు దాదాపు 10 అంగుళాలు. రెండు చివర్లా మేకులు కొట్టి, దారం కట్టి, లైన్ లెవెల్ తగిలించి, ప్రతి 5 అడుగులకూ దారం నుంచి నేలకు ఎంత దూరముందో కొలవండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: మట్టిని సరిగ్గా వాలుకు కోసి దానిమీద గడ్డి చాపలు పరుస్తారు, చాప మందం సుమారు అంగుళం పెరిగి నీరు మళ్లీ నిలుస్తుంది. ఆ అంగుళం లోతుగానే కోయండి. పూర్తయ్యాక పై చివర హోస్ వదిలి, నీరు ఎక్కడా ఆగకుండా పోతోందని వీడియో తీసి ఉంచుకోండి. స్వేల్ బదులు చిల్లుల పైపు పూడ్చి కంకర పోస్తానంటే, మీ ప్రాంతపు నల్ల బంకమట్టిలో నీరు ఇంకదు, పైపు పూడుకుపోతుంది. పైపును వీధి అంచుకు కలపాలంటే సిటీ అనుమతి గురించి కూడా అడగాల్సి వస్తుంది. స్వేల్ ఉండాల్సిన చోట స్వేలే ఉంచండి.

ఇంకో మాట. మీ ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీకి ఇప్పుడే తెలియజేయండి. సాధారణ పాలసీల్లో ఇతరుల ఆస్తి నష్టానికి లయబిలిటీ భాగం ఉంటుంది. ఇది అందులోకి వస్తుందో రాదో పాలసీ చదివితేగానీ తేలదు. ఆలస్యంగా చెప్పారన్న సాకు మాత్రం వాళ్లకు ఇవ్వొద్దు. పక్కింటాయనకు మర్యాదగా ఓ ఉత్తరం రాయండి: ఫలానా తేదీకి పల్లం పూర్వస్థితికి తెస్తున్నాను, మీ మరమ్మతు బిల్లులు చూపండి, మాట్లాడుకుందాం అని. అంతకుమించి ఏమీ రాయకండి.

ఇక హెచ్‌ఓఏ. ‘మా స్థలం’ అన్నది నిజమే. అయితే ఇల్లు కొన్నప్పుడే డీడ్ ఆంక్షలకూ (ఆస్తితోపాటు వచ్చే కాలనీ షరతులకూ) మీరు కట్టుబడ్డారు. బయట చేసే మార్పులకు ముందుగా ప్లాను సమర్పించాలన్న షరతు దాదాపు ప్రతి కొత్త కాలనీలోనూ ఉంటుంది. అలాగని బోర్డుకు ఇష్టారాజ్యం లేదు. ప్రాపర్టీ కోడ్ 209.006 ప్రకారం, జరిమానాకు ముందు ఉల్లంఘన ఏమిటో వివరిస్తూ నోటీసు ఇవ్వాలి. సరిదిద్దుకోదగినదైతే తగినంత గడువూ ఇవ్వాలి. గత ఆరు నెలల్లో అలాంటిదానికే నోటీసు అందుకోని వారు ఆ గడువులో సరిచేసుకుంటే జరిమానా వేయడానికి లేదు. నోటీసు పోస్టు చేసిన నాటి నుంచి 30వ రోజులోగా మీరు రాతపూర్వకంగా విచారణ కోరవచ్చు. లెక్క పోస్టు చేసిన తేదీ నుంచి, మీకు అందిన తేదీ నుంచి కాదు. కవరు పారేయకండి. విచారణకు 10 రోజుల ముందే వాళ్లు చూపబోయే ఆధారాలన్నీ మీకు పంపాలి. పంపకపోతే 15 రోజుల వాయిదా అడిగే హక్కు మీది. కేవలం జరిమానాల కోసం ఇల్లు వేలం వేయడానికి చట్టం ఒప్పుకోదు.

విచారణ కోరుతూనే వేరే కవర్లో ప్లాను సమర్పించండి. చేసేశాక అనుమతి అడగడం సిగ్గుపడాల్సిన పనేం కాదు. సర్వే కాపీ మీద పెట్టెలు ఎక్కడో, ఎత్తెంతో, హద్దుకు ఎంత దూరమో గీయండి. 40 లాట్లకు మించిన సంఘాల్లో తిరస్కరిస్తే కారణమూ, ఏ మార్పులు చేస్తే ఒప్పుకుంటారో కూడా రాసివ్వాలని సెక్షన్ 209.00505 చెబుతుంది. దానిపైనా బోర్డు ముందు విచారణ కోరవచ్చు.

ఏది అడిగితే దొరుకుతుందో తెలిసి అడగండి. సెక్షన్ 202.007 డ్రిప్పును, వాన నీటి పీపాలను, ఆకులు గడ్డితో చేసే కంపోస్టును, తక్కువ నీటితో బతికే మొక్కల తోటను కాపాడుతుంది. పీపా ఇంటి ముందు వద్దనొచ్చు, కంకర, రాళ్లు, జెముళ్ల మీద నియమాలు పెట్టొచ్చు. ఆ జాబితాలో కూరగాయల తోట లేదు. అందుకే టమాటా, వంగ, గోంగూర మాకు హక్కు అని వాదించకుండా, వీధికి కనపడని వెనక భాగంలో, కంచె ఎత్తు దాటకుండా పెడతామని అడగండి. బోర్డులు ఎక్కువగా ఒప్పుకునేది దానికే. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, అడుగు ఎత్తు పెట్టెకు సుమారు 1.2 ఘనపు గజాల మట్టి పడుతుంది. అంత బరువును గోడకు ఆనించి పెట్టకండి. ఇటుక వరుసకు కింద కాంక్రీటు కనీసం 4 అంగుళాలు కనబడాలి. ఇటుకల అడుగున ఉండే గాలి రంధ్రాలు మట్టితో మూసుకుపోతే గోడలో తేమ చేరుతుంది, చెదలు వస్తుంది. రేపు పునాది పగిలినప్పుడు, నేల వాలు యజమానే మార్చాడని బిల్డరు వారంటీని తోసిపుచ్చడానికి, గోడకు ఆనిన ఆ మట్టి ఫోటో ఒక్కటి చాలు.

పందిరి విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఆ కాంక్రీటు స్తంభాలు వెనక యుటిలిటీ ఈజ్‌మెంట్‌లో పడితే తీసేయండి. కరెంటు, కేబుల్ కంపెనీలు పని పడినప్పుడు దాన్ని కూల్చేసినా పరిహారం రావడం కష్టం. ఈజ్‌మెంట్ గీత దాటి లోపలికి, పీకేసి మళ్లీ పాతుకునే ఇనుప కడ్డీలతో వేసుకుంటే బీరకూ సొరకూ సరిపోతుంది. యంత్రంతో 16 అంగుళాల కంటే లోతు తవ్వేవారు పనికి కనీసం 48 గంటల ముందు 811కు (భూమిలోని లైన్లను గుర్తు పెట్టించే ఫోన్ నంబరుకు) తెలియజేయాలి. శని, ఆదివారాలు, సెలవులు ఈ లెక్కలోకి రావు. చేత్తో తవ్వినా ఫోన్ చేయండి, ఖర్చు లేదు. పసుపు గుర్తు గ్యాసు, ఎరుపు కరెంటు, నారింజ కేబుల్, నీలం మంచినీరు. మీ సొంత డ్రిప్పు పైపులనూ, వంటపొయ్యికి బయటకు లాగిన గ్యాసు లైనునూ వాళ్లు గుర్తించరు. డ్రిప్పు మీ ఇంటికి మీరే వేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, కానీ తోట నీరు తాగునీటి గొట్టంలోకి వెనక్కి పోకుండా బ్యాక్‌ఫ్లో పరికరం పెట్టాలి. దాని పర్మిట్ సంగతి సిటీలో అడగండి.

తులసి కోటకు మీకు గట్టి రక్షణ ఉంది. చిత్తశుద్ధితో కూడిన మత విశ్వాసంతో సొంత స్థలంలో పెట్టుకున్న వస్తువును హెచ్‌ఓఏ నిషేధించరాదని సెక్షన్ 202.018 చెబుతుంది. 2021కి ముందు ఇది గుమ్మానికే పరిమితం, ఆ ఏడాది సవరణతో స్థలమంతటికీ వర్తించింది. అయితే సెట్‌బ్యాక్ గీతను (హద్దు నుంచి కట్టడాలకు వదలాల్సిన దూరాన్ని) దాటినా, ఈజ్‌మెంట్‌లో ఉన్నా ఆ రక్షణ పోతుంది. టేపుతో కొలిచి, అవసరమైతే కోటను గుమ్మం వైపు జరపండి. జవాబులో అది పూజ కోసమని ఒక్క వాక్యం రాయండి.

మీ మరదలిని కరివేపాకు మొక్క తేవద్దనండి. కరివేపాకు నిమ్మజాతికి దగ్గరి చుట్టం. నిమ్మ, నారింజ తోటలను చంపే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది. ఫ్లోరిడా మొత్తం ఆ తెగులు క్వారంటైన్‌లో ఉంది. అక్కడి నుంచి బతికున్న మొక్కను కారులో పెట్టుకు వచ్చినా ఫెడరల్ నిబంధనల ఉల్లంఘనే. ఇండియా నుంచి సామాన్లలో తెచ్చే ఆకునూ విమానాశ్రయంలో ఆపేస్తారు. టెక్సస్‌లోనే లైసెన్సున్న నర్సరీలో కుండీ మొక్క కొని, మంచు పడే రాత్రుల్లో గరాజ్‌లోకి జరుపుకోండి.